నూటికి రూపాయి

కరీంనగర్ పల్లెల్లో మిత్తిని శాతాల్లో చెప్పరు. నూటికి రూపాయి, నూటికి రెండు, నూటికి మూడు అంటారు. నెలకు అని విడిగా చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. నూటికి రూపాయి అంటే ధర్మవడ్డీ. చుట్టాలకు, బాగా తెలిసినవాళ్ళకు ఇచ్చే రేటు. ఇచ్చినవాడికి మంచి పేరు, తీసుకున్నవాడికి ఊపిరి. రెండు మామూలు. మూడంటే అవసరం ముదిరిందని అర్థం. అయిదూ పదీ దాకా పోతే అది గిరిగిరి వ్యాపారం. పొద్దున కూరగాయల బండి దగ్గర చేతిలో పెట్టి, సాయంత్రానికి లెక్క తేల్చుకుపోయే బాపతు.

నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయం చదివిన ప్రతిసారీ ఈ లెక్కే గుర్తొస్తుంది. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దం. యెరూషలేము గోడ కడుతున్నారు. కరువు కాలం. జనం నెహెమ్యా దగ్గర మొరపెట్టుకున్నారు. గింజల కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్ళూ కుదువపెట్టామన్నారు కొందరు. రాజుకు శిస్తు కట్టడానికి అప్పు తెచ్చామన్నారు మరికొందరు. కన్నబిడ్డల్ని దాస్యంలోకి పంపామని, విడిపించుకునే దారి లేదని ఏడ్చారు. అప్పిచ్చింది పరాయివాళ్ళు కాదు, సొంత జనంలోని పెద్దలే. వాళ్ళు తీసుకుంటున్నది నూరో వంతు. అది నెలకు లెక్క అని చాలామంది పండితులు అంటారు. అంటే నూటికి రూపాయి. మనం ధర్మం అని పేరు పెట్టుకున్న వడ్డీ.

ఆ నూరో వంతును కూడా తిరిగి ఇచ్చెయ్యమన్నాడు నెహెమ్యా. పొలాలు, తోటలు, ఇళ్ళు ఆ రోజే వాపసు చెయ్యమన్నాడు. ఆ మాట అనేముందు ఇంకో పని చేశాడు. తానూ, తన అన్నదమ్ములూ, తన పనివాళ్ళూ కూడా జనానికి అప్పులిచ్చామని నిండు సభలో చెప్పాడు. అందరం కలిసి ఈ పని మానేద్దామన్నాడు. యాజకులను పిలిపించి పెద్దల చేత ఒట్టు వేయించాడు. మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపేస్తాడని తన ఒడి దులిపి చూపించాడు.

బుద్ధెరిగినప్పటి నుంచి చర్చిలో అప్పు మీద ప్రసంగాలు వింటూనే ఉన్నాను. ఈ అధ్యాయం మీద మాత్రం చాలా అరుదుగా విన్నాను. ఎందుకో ఊహించడం కష్టం కాదు. నూటికి రెండుకు తిప్పే టీచరు, సింగరేణిలో రిటైరై ఆ వచ్చిన డబ్బును మిత్తికి ఇచ్చిన పెద్దాయన, ఆయన దగ్గర తెచ్చుకుని కట్టలేక తల దించుకు తిరిగే ఆడమనిషి, అందరూ ఒకే చర్చిలో కూర్చుంటారు. ఒకే పాట పాడతారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. మా వైపు చేతిలో నాలుగు డబ్బులు ఉన్న మనిషి చేసే మొదటి పని అదే. కానీ ప్రసంగం ఎప్పుడూ ఆ ఆడమనిషి వైపే తిరుగుతుంది. దురాశ వద్దని, ఉన్నదానితో తృప్తి పడమని, అప్పు జోలికి పోవద్దని ఆమెకే చెబుతుంది.

తృప్తిని మనం మనిషి సొంత గుణంగా చూడడానికి అలవాటు పడ్డాం. ఉన్నవాడికి ఉంటుంది, లేనివాడికి లేదు, అప్పుల్లో పడ్డాడంటే వాడిలోనే ఏదో లోపం అన్నట్టు మాట్లాడతాం. నేను చదువుకున్న బైబిలు అలా మాట్లాడదు. అందులో తృప్తి ఒక్కడితో కుదిరే పని కాదు. ఇరుగుపొరుగు, చుట్టాలు, అప్పిచ్చేవాడు, సంఘం, వీళ్ళంతా చోటిస్తేనే మనిషి ఇది చాలు అని ధైర్యంగా అనగలుగుతాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపుకోవాలని మన సామెత. మంచి సామెతే. దాన్ని చెప్పేది మాత్రం కప్పుకునేవాడికే. నిర్గమకాండంలో కూడా ఒక దుప్పటి ఉంది. పేదవాడి పైబట్టను కుదువ పెట్టుకుంటే పొద్దు గూకకముందే తిరిగి ఇచ్చెయ్యాలని అక్కడ ఆజ్ఞ. కప్పుకోవడానికి వాడికున్నది అదొక్కటే, అది లేకపోతే దేన్ని కప్పుకుని పడుకుంటాడు అని దేవుడే అడుగుతాడు. వాడు మొరపెడితే వింటానని కూడా అంటాడు. ఆ మాటలన్నీ అప్పిచ్చినవాడితో చెప్పినవి. తిరగలి రాయిని కుదువ పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం చెప్పింది కూడా అప్పిచ్చినవాడికే. తిరగలి పోతే ఆ ఇంట్లో రేపటికి పిండి ఉండదు.

వచ్చే జీతంతో తృప్తి పడమన్న మాట కూడా ఎవరితో చెప్పారో చూడాలి. లూకా సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేం చెయ్యాలని అడుగుతారు. ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దని, మీ జీతం మీకు చాలనుకొమ్మని చెబుతాడు. చేతిలో కత్తి ఉన్నవాళ్ళకు చెప్పిన మాట అది. దాన్ని తెచ్చి పత్తి ఏరే కూలిమనిషికి ప్రసంగించడం నాకు సరిగా తోచదు. అప్పు చేసినవాడికి బాధ్యత లేదని నేననడం లేదు. తీసుకుని తీర్చనివాణ్ణి కీర్తనలు దుష్టుడి జాబితాలోనే వేశాయి. ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దని, ప్రేమ ఒక్కటే ఎప్పటికీ తీరని బాకీగా ఉండాలని పౌలు రోమా సంఘానికి రాశాడు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని యేసు అడిగాడు. ఇవన్నీ నాకు ప్రాణం. కానీ సగం పుస్తకాన్ని మూసిపెట్టి మిగతా సగాన్ని పేదవాడి మీదికి విసరడం న్యాయం కాదు.

మా తాత జీతగాడు. నిజాం కాలంలో భాగేలా అనే పద్ధతి ఉండేది. దొర దగ్గర అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా దొర ఇంట్లో, పొలంలో పనిచెయ్యాలి. వాడితో తీరకపోతే కొడుకు చెయ్యాలి. ఇలాంటి అప్పుల్లో చాలా భాగం పెళ్ళి కోసం తెచ్చినవే. మా తాతదీ అంతే. ఎంత తెచ్చాడో మా బాపుకు తెలియదు. తాతకూ తెలిసినట్టు లేదు. లెక్క దొర పద్దులో ఉండేది, పద్దు చదవడం మావాళ్ళకు రాదు. పండిన ఏడు గింజలు ఇచ్చినా, పశువుల్ని కాసినా, పండుగనాడు కట్టెలు మోసినా పద్దులో అంకె తగ్గినట్టు ఎవరూ చెప్పలేదు. 1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన తెచ్చింది. అది కాగితం మీదనే ఉండిపోయింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరి రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

కరీంనగర్ వైపు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు వచ్చింది 1880లలో. వాళ్ళ మాట విన్న మొదటి కుటుంబాల్లో చాలా భాగం మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవే. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. ఈ చరిత్ర రాసేటప్పుడు బడుల గురించి, ఆసుపత్రుల గురించి రాస్తారు. రాయాల్సిందే. కానీ ఒక జీతగాడి ఇంట్లో రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం మొదటిసారి చదివి వినిపించినప్పుడు ఏమై ఉంటుందో ఎవరూ రాయలేదు.

ఆ కథ అందరికీ తెలిసిందే. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు, భార్య ఒంటరిగా మిగిలింది. అప్పులవాడు వచ్చి ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోతానన్నాడు. ఆమె ఎలీషా దగ్గర ఏడ్చింది. ఇంట్లో ఏముందని అడిగాడు ఎలీషా. కుండలో కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ తేవద్దు అన్నాడు. తలుపు మూసుకుని పోస్తుంటే నూనె పాత్రలన్నీ నిండేదాకా వచ్చింది. నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ కొడుకులూ బతకండి అన్నాడు.

నూనె పెరగడం దేవుడి పని. పాత్రలు మాత్రం ఇరుగుపొరుగువి. ఆ వాడలో ఎవరూ పాత్ర ఇవ్వకపోతే ఆ నూనె ఎందులో పోసేది? దొర పద్దులో కొడుకుల పేర్లు కూడా ఎక్కిన తండ్రి ఈ కథను మనం వినేట్టు వినడు. అప్పు అంటే బిడ్డను పట్టుకుపోవడం అని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆదిలాబాద్ అడవుల్లో ఇదే బాధ గోండులది. వాళ్ళది క్రైస్తవ కథ కాదు, అయినా అప్పు గురించి రాస్తూ జోడేఘాట్ పేరు తలవకుండా దాటలేం. 1940లో కొమురం భీం అక్కడ ప్రాణాలర్పించాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చూసి రాసినదాంట్లో అడవి శాఖ జులుంతో పాటు షావుకార్ల బాకీలు, ఆ బాకీల వెంట చేతులు మారిన భూములు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం మీద 1960లో, గిరిజనుల రుణ విముక్తి కోసం 1970లో నిబంధనలు వచ్చాయి. మోషే ధర్మశాస్త్రం ఏడేళ్ళకోసారి బాకీ కొట్టేయమంది, యాభయ్యో ఏట భూమిని దాని సొంతదారుకు తిరిగి అప్పగించమంది. అప్పు మనిషిని తరాల పాటు కట్టిపడెయ్యకూడదనే ఆలోచన అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

మా నాయినమ్మ వంటింట్లో ఒక రేకు డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు చాటలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పూటకు చాలని రోజు కూడా వేసేది. పిడికిలి మాత్రం ఆ రోజు కొంచెం చిన్నదయ్యేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోయేవి. తెలుగు సంఘాల్లో ఈ పిడికెడు బియ్యం అలవాటును బలంగా నాటినవారిలో బిషప్ అజరయ్య ఒకరు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చారు, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. క్రైస్తవ దానం మీద ఒక పుస్తకమే రాశారు. పేదల దగ్గర ఇంకా గుంజడమేమిటని నాకు వయసులో ఉన్నప్పుడు కోపం వచ్చేది. ఒకసారి నాయినమ్మనే అడిగాను.

"గింజలు దొరకు పోసినం బిడ్డా, ఏండ్లకేండ్లు పోసినం. గవి ఇచ్చినట్టు కాదు, గుంజుకున్నట్టు. గీ పిడికెడు నేనే ఇస్తున్న. ఇయ్యకుంటె అడిగెటోడు లేడు."

తృప్తి గురించి అంతకంటే లోతైన మాట నేను ఏ వేదిక మీదా వినలేదు. ఆమె కుటుంబం ఎప్పుడూ బాకీపడ్డ కుటుంబమే. ఊళ్ళో ఆమెకు ఉన్న పేరు అదే. పొద్దున పొయ్యి ముందు మాత్రం ఆమె ఇచ్చే మనిషి. డబ్బాలో పోగైన బియ్యం ఏమయ్యేవో కూడా చెప్పాలి. కొన్ని పాస్టరుగారి ఇంటికి, కొన్ని సంఘంలో మంచాన పడ్డవాళ్ళ ఇంటికి పోయేవి. దొర గడప తొక్కకుండా ఒక ఇల్లు రెండు పూటలు గడిచేది. పాత్రలిచ్చిన ఇరుగుపొరుగు అంటే వీళ్ళే.

ఇప్పటి సంగతికి వస్తాను. దొర గడీలు కూలాయి, పద్దు మాత్రం చాలా చేతుల్లోకి పాకింది. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సర్వేలో తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశం మొత్తానికి ఆ లెక్క 50.2 శాతం. పది ఇళ్ళలో తొమ్మిది బాకీపడ్డ చోట అది తొమ్మిది ఇళ్ళ గుణదోషం అనడానికి నోరెలా వస్తుంది? బోరులో నీళ్ళు పడవు. పత్తికి పురుగు పడుతుంది. విత్తనాలు, మందులు అడ్తిదారు దగ్గర ఉద్దెర తెస్తే పంట ఆయనకే తూకం వెయ్యాలి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితే నేతకార్మికుడి కిరాణా బాకీ ఆగదు. జగిత్యాల వైపు దుబాయికి, సౌదీకి పోయేవాడు ఏజెంటుకు కట్టే డబ్బు నూటికి మూడుకు తెస్తాడు. అక్కడ చెప్పిన పని దొరక్క కంపెనీ విడిచి, కాగితాల్లేని ఖల్లివెల్లి అయితే ఇక్కడ పెళ్ళాం మెడలో తాడు మార్వాడీ కొట్టుకు పోతుంది. వీళ్ళలో దురాశ ఎక్కడుందో నాకు కనిపించదు.

గ్రూపు లోన్ల కిస్తీ కట్టే పొద్దు ఎవరైనా ఒకసారి చూడాలి. వాకిట్లో చాప పరిచి ఉంటుంది. ఏడింటికల్లా బండి మీద సారు వస్తాడు. ఆడవాళ్ళు కార్డులు ముందు పెట్టుకుని వరసగా కూర్చుంటారు. ఒకామె కొంగు ముడి విప్పి పదులూ ఇరవైలూ మోకాలి మీద సాపు చేసి లెక్కపెడుతుంది. తక్కువ పడుతుంది. మళ్ళీ లెక్కపెడుతుంది. ఎవరూ మాట్లాడరు, ఎవరూ లేవరు. ఆమెది పూర్తయితే తప్ప ఎవరూ లేవడానికి లేదు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు పూడ్చాలి కాబట్టి, నిన్నటిదాకా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న పక్కింటామె ఈ రోజు కోపంగా చూస్తుంది. ఇరుగుపొరుగును పాత్రలిచ్చేవాళ్ళ స్థానంలోంచి లాగి కాపలావాళ్ళుగా నిలబెట్టడం ఈ అప్పు చేసిన అన్నిటికంటే పెద్ద కీడు అని నా నమ్మకం.

2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలాంటి గ్రూపు లోన్లిచ్చే సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఆత్మహత్యల వార్తలు వస్తున్న రోజులవి. వారం వారం కాకుండా నెల కిస్తీలు ఉండాలని, వసూలు పంచాయతీ ఆఫీసులాంటి నలుగురూ తిరిగే చోటే జరగాలని, వడ్డీ మొత్తం అసలును మించకూడదని తర్వాత వచ్చిన చట్టం చెప్పింది. అది చదివినప్పుడు నాకు ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం కళ్ళముందు నిలిచింది. పొరుగువాడికి అప్పిస్తే కుదువ వస్తువు కోసం వాడి ఇంట్లోకి పోవద్దు, బయట నిలబడు, వాడే తెచ్చి ఇస్తాడు అని అక్కడుంది. గడప దాటకపోవడం మీద వేల ఏళ్ళ నాటి ధర్మశాస్త్రానికీ మన శాసనసభకూ ఒకే పట్టింపు. బాకీ ఉన్నవాడికి కూడా ఇల్లు ఇల్లే. పిల్లల ముందు వాడి పరువు తియ్యడానికి ఎవరికీ హక్కు లేదు. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. దానికి ఏడాది ముందే రిజర్వు బ్యాంకు తన నిబంధనలు తెచ్చింది. ఇంటి నెల రాబడిలో సగానికి మించి కిస్తీలకు పోకూడదన్నది వాటిలో ఒకటి. ఊళ్ళో ఇది తెలిసినవాళ్ళు తక్కువ. సంఘకాపరులు ఆదివారం ప్రకటనల్లో దీన్ని చదివి వినిపిస్తే ఎంత మేలు.

అప్పు పుట్టకుండా బతుకు సాగదు, నిజమే. అప్పుకీ అప్పుకీ తేడా ఉంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అల్గిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం రైతుకు అప్పిస్తుంది, ఆ రైతు పంటను తానే అమ్మిపెడుతుంది. అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు. రైతు మునిగితే సంఘమూ మునుగుతుంది కాబట్టి అక్కడ మునగనివ్వరు. చర్చి ఆవరణలో ఇలాంటి పని ఎందుకు జరగకూడదన్నది నాకు చాలాకాలంగా ఉన్న కోరిక.

ఇక అవసరం కాని అప్పు. దాన్ని నేను పరువు అప్పు అంటాను. దీని గురించి గట్టిగానే మాట్లాడాలి. తాతలు పెళ్ళికి తెచ్చిన అప్పుకు మనుషులే కుదువ పడ్డారు. మనవళ్ళమై, చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ మనం మళ్ళీ పెళ్ళికే అప్పు తెస్తున్నాం. ప్రధానానికి ఒక దావత్. పెళ్ళికి ఫంక్షన్ హాలు, ముందే ఫోటోలకు వేరే ఊరు, గేటు దగ్గర ఫ్లెక్సీ, బగారా అన్నం, మటను, పిల్లవాడికి బండి. పెద్దమనిషైన పిల్లకు చీర కట్టించే ఫంక్షన్. చివరికి చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికకు కూడా టెంటు, యాట. వాక్యం పావుగంట, వడ్డన రెండు గంటలు. ఇదంతా తృప్తి లేక చేస్తున్నారని అనుకోను. భయంతో చేస్తున్నారు. పప్పన్నం పెడితే ఇల్లు గుల్లయిందని చుట్టాలు అనుకుంటారని భయం, రేపు ఆ ఇంటి పిల్లను ఎవరూ అడగరని భయం. ఆ భయం పుట్టించేది మనం. బంతిలో కూర్చుని ముక్క గట్టిగా ఉందన్నది మనమే. అప్పు చేసిన తండ్రికి తృప్తి గురించి చెప్పేముందు, వడ్డించింది మాట్లాడకుండా తిని దీవించి వచ్చామా అని అతిథి తనను తాను అడగాలి.

ఎలాంటి స్థితిలోనైనా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన మాట మన గోడ క్యాలెండర్ల మీద బాగా కనిపిస్తుంది. ఆ మాట చుట్టూ ఉన్నవి కనిపించవు. అప్పుడు పౌలు జైల్లో ఉన్నాడు. ఎపఫ్రొదితు అనే మనిషి చేత ఫిలిప్పీవాళ్ళు ఏవో వస్తువులు పంపారు, అవి అందాయని, మీరు నా కష్టంలో పాలుపంచుకున్నారని చెప్పడానికి ఆ భాగం రాశాడు. అంతకుముందు థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా వాళ్ళు పంపారని గుర్తు చేసుకున్నాడు. పంపింది కలిగినవాళ్ళేం కాదు. ఆ మాసిదోనియ సంఘాలు నిరుపేదలని వేరే పత్రికలో పౌలే రాశాడు. తృప్తి నేర్చుకున్నానన్న మనిషి వెనకాల మూట కట్టి పంపిన పేద సంఘం ఒకటి ఉంది.

ఈ మధ్య వేరే బోధ ఒకటి పాకుతోంది. ఇంత ఇస్తే నూరంతలు వస్తుంది, విశ్వాసం ఉంటే కారు వస్తుంది, మేడ వస్తుంది అని. మిత్తికి తెచ్చి కానుక వేసినవాళ్ళు నాకు తెలుసు. అది మా నాయినమ్మ పిడికెడు కాదు. ఆమె తన చేతిలోది ఇచ్చింది, తిరిగి ఏదో వస్తుందని ఇవ్వలేదు. పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, నాకు తగినంత ఆహారం చాలని సామెతల గ్రంథంలో ఆగూరు చేసిన ప్రార్థనకూ ఈ బోధకూ పొత్తు కుదరదు. ఏ రోజు రొట్టె ఆ రోజుకు అడగమని నేర్పిన ప్రభువు పేరుతో మనుషుల్ని కిస్తీల్లోకి దింపడం నన్ను నిజంగా బాధిస్తుంది.

మంచిర్యాల వైపు ఒక చిన్న సంఘంలో నాకు తెలిసిన అయ్యగారు ఒకరు పెళ్ళి ప్రకటన చదివేముందు ఆ ఇంటికి పోతారు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవడం మా ఆచారం. ఆయన మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం సంఘపెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని పోయి చాయ తాగుతారు, పెళ్ళికి ఎంత అప్పు తెస్తున్నారని మొహమాటం లేకుండా అడుగుతారు. ఆ వెళ్ళే పెద్దల్లో మిత్తికి ఇచ్చే ఆయన కూడా ఉంటాడట. కావాలనే ఆయన్ని తీసుకుపోతానన్నారు అయ్యగారు.

బొగ్గుబావిలో కాంట్రాక్టు పని చేసే ఒక తండ్రి నాలుగు లక్షలకు మాట్లాడుకున్నానని చెప్పాడట. "మీరే అంటరు వద్దని. రేపు నలుగురు నవ్వుతె మీరొస్తరా అయ్యగారూ?" అని అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబుగా ఆ సంఘం ఇంటికి రెండు కిలోల బియ్యం పోగుచేసింది. చర్చి ముందరే పందిరి వేశారు. స్త్రీల కూడికవాళ్ళు పొద్దున నాలుగింటికి పొయ్యిలు వెలిగించారు. అన్నం, పప్పు, వంకాయ కూర, పాయసం. మిత్తికి ఇచ్చే పెద్దాయన యాభై వేలు వడ్డీ లేకుండా సర్దాడు. పిల్ల మేనమామ ఒకాయన కరీంనగర్ నుంచి వచ్చి, మాంసం లేదని తినకుండానే బస్సెక్కి పోయాడు. ఆ తండ్రి ఆ రాత్రంతా దాన్నే తలుచుకుని బాధపడ్డాడని అయ్యగారు చెప్పారు. అయ్యగారు ఆ మాట దాచలేదు, నేనూ దాచను.

అదే సంఘంలో శ్రమల దినాలకు ముందు ఇంకో పెళ్ళి ఉంది. వీళ్ళు కాస్త కలిగినవాళ్ళు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చేశారట, డబ్బు బయట నుంచే తెచ్చారట. అయ్యగారు, పెద్దలు ఒకసారి వెళ్ళొచ్చారు. చాయ ఇచ్చారు, మాట మాత్రం సాగలేదు. ఈ శనివారం మళ్ళీ పోతామన్నారు. ఈసారి ఆ కాంట్రాక్టు కార్మికుణ్ణి కూడా వెంట తీసుకుపోతున్నారు. తనే వస్తానన్నాడట.